వీరస్వర్గమున వైరము లేదు

మన గ్రామముల పొలిమేరలలో, పాత కోటల చెంత, వీరగల్లులు నేటికిని అక్కడక్కడ కనబడుచుండును. వానిలో కొన్నింటికి రెండు మూడు అంతస్తులుండును. క్రింది భాగమున వీరుడు పోరాడుచుండును. నడుమ అప్సరసలు అతనిని ఇరుప్రక్కల పట్టుకొని మీదికి గొనిపోవుచుందురు. పైభాగమున అతడు దైవసన్నిధి చేరియుండును. ఊరి పశువులకొరకో, ఏలికకొరకో ప్రాణమిచ్చినవానికి మన పూర్వులు తీర్చిన ఋణమది.

ఈ శిలలను చూచినపుడెల్ల మాకొక సందేహము కలుగుచుండును. ఆ పోరున అవతలి పక్షమున పడినవాని మాట యేమి? అతని ఊరివారును అతనికొక శిల నిలిపియుందురు గదా! అప్సరసలు అతనినిగూడ స్వర్గమునకే గొనిపోయియుందురు. అట్లైన నిన్న ఒకరినొకరు పొడుచుకొన్న ఇరువురును నేడొకే సభలో ఎదురుపడవలసినదే. అపుడు వారు ఒకరి మొగమొకరు ఎట్లు చూచుకొందురు? శిల్పి ఉలి అంతదూరము పోలేదు. భారతము పోయినది.

మహాభారతమున ఈ ప్రశ్న రెండు తావుల వచ్చును. మొదటిది ఆశ్రమవాసపర్వము. యుద్ధము ముగిసిన పిమ్మట 15 ఏండ్లు పాండవులకడ నుండి, ధృతరాష్ట్రుడు గాంధారీకుంతులతో అడవికి పోయెను. పాండవులు వారిని చూడబోయిరి. వ్యాసుడచటికి వచ్చెను. గాంధారికి నూరుగురు కొడుకుల దుఃఖము. కుంతికి తన కొడుకని లోకమున చెప్పుకొనజాలని కర్ణుని దుఃఖము. సాయంకాలమున ఆ మహర్షి గంగలో దిగి, ఉభయపక్షముల మృతులను పిలిచెను. నీటినుండి సేనలు కదలినట్టి ధ్వని పుట్టెను. భీష్మద్రోణులు ముందు నడువ, ద్రుపదవిరాటులు, అభిమన్యుడు, ఘటోత్కచుడు, కర్ణుడు, దుర్యోధనుడు, శకుని, అందరును వెలువడిరి. ఎవరి ధ్వజము, ఎవరి వాహనము వారికున్నవి. లేనిదొక్కటే, పగ. పుట్టుగ్రుడ్డియైన తండ్రి ముని యిచ్చిన చూపుతో కొడుకుల మొగములను మొదటిసారి చూచెను. పాండవులు కర్ణుని అన్నగా కలిసికొనిరి. తెల్లవారువరకే ఆ చెలిమి. పిదప అందరును నీటిలో మరుగైరి.

ఒక్క రాత్రి స్నేహము సులభమే యనవచ్చును. ఎల్లకాలమును కలిసియుండవలసి వచ్చిన నేమగును? దీనికి బదులు కడపటిదైన స్వర్గారోహణపర్వమున నున్నది. ధర్మరాజు స్వర్గమున అడుగిడగానే చూచినది దుర్యోధనుని. అతడు సూర్యునివలె వెలుగుచు ఆసనమున కూర్చుండియుండెను. ఇతడు చూడలేక మొగము త్రిప్పుకొనెను. ఇచట వైరము తగదని నారదుడు నవ్వుచు చెప్పెను. అయినను ధర్మరాజు మనసు ఒప్పుకొనలేదు. నా తమ్ములెక్కడ, కర్ణుడెక్కడ, ద్రౌపది యెక్కడ అని అడిగెను.

దేవదూత అతనిని దుర్గంధము నిండిన చీకటిత్రోవన నడిపించెను. నిలువలేక అతడు వెనుదిరుగగా, చీకటిలోనుండి దీనస్వరములు వినబడెను. నీ మీదినుండి వచ్చు గాలి మాకు హాయిగానున్నది, క్షణకాలము నిలువుమని వేడెను. మీరెవ్వరని యడుగగా, నేను కర్ణుడను, నేను భీముడను, నేను అర్జునుడను అని ఒక్కొక్కరే పలికిరి. అపుడు ధర్మరాజు దూతను పొమ్మనెను. తానుండుట వారికి ఊరటయైనచో తాను అచటనే యుందుననెను. శత్రువుతో స్వర్గము వలదు, తనవారితో నరకమైనను చాలునని దాని భావము.

అంతలో ఇంద్రుడు వచ్చెను, చీకటి విచ్చెను. ద్రోణునితో అశ్వత్థామ విషయమున ఆడిన కపటమునకు ఫలముగా అతనికీ నరకదర్శనము కలిగినదట. ఆకాశగంగలో స్నానమాడగానే అతని మానుషదేహముతోపాటు వైరమును తొలగిపోయెను. ఆ పిదపనే అతడు తనవారిని చూచెను. కర్ణుడు ఆదిత్యులతోను, భీముడు మరుత్తులతోను, నకులసహదేవులు అశ్వినులతోను కూడియుండిరి.

విరాటపర్వము మొదలు ఈ పర్వమువరకు 15 పర్వములను తెనిగించిన తిక్కన, 13వ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధికి మంత్రిగా నుండినవాడు. రాజ్యకలహములు ఎరుగనివాడు కాడు. దాయాదుల పగ ఎంత గట్టిదో ఆ కథను తెలుగున చెప్పినప్పుడు ఆయనకు వేరొకరు నేర్పనక్కరలేదు.

రెండు తావులను పగను కడిగినది గంగయే. ఒకచో భూలోకపు గంగ, ఒకచో ఆకాశగంగ. నారదుని హితవాక్యముచేత ధర్మరాజంతటివాని కోపమే పోలేదు. భారతము ఈ నిజమును దాచలేదు. అందుచేతనే దానిని మనము నమ్ముచున్నాము.

కాని ఆ గంగాతీరమున నిలిచిన తల్లులను మనము మరువరాదు. అన్నదమ్ములు ఒకరినొకరు కౌగిలించుకొనుట చూచుటకు వారు అందరిని పోగొట్టుకొనవలసి వచ్చెను. పొలము గట్టుకొరకో, ఇంటి గోడకొరకో మాటలు మానుకొన్న అన్నదమ్ములు ఏ ఊరనైనను ఉందురు. వారి తల్లులింకను బ్రదికియుండగనే ఆ మాట కలిసిన, వ్యాసుడు నీటిలో దిగవలసిన పనియుండదు.