శ్రీవిజయ సామ్రాజ్యం – రాజమహేంద్రవరపు మనుమడు



మా తాతగారు శ్రీకాకుళం వైపు నుండి మలయా రబ్బరు తోటలకు వెళ్ళారు. మేము అక్కడే పుట్టి, అక్కడే బడిపంతుళ్ళమయ్యాము. మాది సాయంకాలపు తరగతిలో నేర్చుకున్న తెలుగు; తప్పులుంటే మన్నించండి.

మలేసియాలో కెడా అనే రాష్ట్రమున్నది. మన శాసనాలలోని కడారం అదే. అక్కడ బుజాంగ్ లోయలో పాత గుళ్ళ పునాదులు చూపితే పిల్లలు "ఎవరు కట్టారు సార్?" అనేవారు. జవాబు చెప్పాలంటే శ్రీవిజయం కథ చెప్పాలి.

సుమత్రా దీవిలోని పలెంబాంగ్ దాని రాజధాని. 671లో చీనా భిక్షువు ఇ-చింగ్ అక్కడ ఆగి ఆరు నెలలు సంస్కృత వ్యాకరణం చదివాడు. ఆ రాజ్యానికి బలం పొలాలు కావు, మలక్కా జలసంధి. గాలి మారేదాకా ఓడలు ఎక్కడో ఒకచోట ఆగాలి కదా! ఆ ఆగేచోటు, అక్కడి సుంకం తమ చేతిలో ఉంచుకోవడమే వారి రాజనీతి.

శ్రీవిజయ రాజులు నాగపట్టణంలో బౌద్ధ విహారం కట్టించగా, రాజరాజ చోళుడు దానికి ఆనైమంగలం గ్రామమిచ్చాడు. ఆయన కుమారుడు రాజేంద్రుడే 1025లో ఓడలతో వెళ్ళి కడారాన్ని కొట్టాడు. ఇంతవరకు పాఠ్యపుస్తకాలలో ఉన్నది. తరువాతిది మన ఇంటి మాట.

రాజేంద్రుని కుమార్తె అమ్మంగదేవిని రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రునికి ఇచ్చారు. నన్నయగారిచేత భారతం చెప్పించిన ప్రభువే! వారి కుమారుడు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. 1090లో కడారం దూతలు వచ్చి అడిగితే, ఆ విహారపు గ్రామాలకు పన్నులు మినహాయిస్తూ రాగిరేకుల మీద శాసనం వ్రాయించాడు. తాత కొల్లగొట్టిన ఊరి మాట మనుమడు విన్నాడు.

దాడితోనే శ్రీవిజయం పోలేదు. చీనా వర్తకులు సొంత ఓడలతో సరుకు దొరికే రేవులకే నేరుగా పోసాగారు. మధ్యలో ఆగవలసిన పని తగ్గింది. 14వ శతాబ్దంలో జావా మజపహిత్ రాజులు మిగిలినది తుడిచిపెట్టారు. ఇక్కడ ఖతార్‌లో అల్ జుబారాకు వెళ్ళినవారికి ఇది తెలుస్తుంది. ముత్యాల వర్తకంతో వెలిగిన ఆ రేవు 1811లో ధ్వంసమై, మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. అయినా దాని పేరు నిలిచింది. శ్రీవిజయం పేరే జనం మరచిపోయారు. 1918లో ఫ్రెంచి పండితుడు జార్జి సెడెస్ శాసనాలు చదివి అదొక రాజ్యమని చెప్పేదాకా ఎవరికీ తెలియదు.

మా మనుమరాలు మొన్న కడారం ఎక్కడున్నదని అడిగితే పటంలో చూపాము. "మరి మన ఊరేది తాతయ్యా?" అన్నది. చూపలేకపోయాము. తాతగారి ఓడ కాగితంలో ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాలలో ఎలాగో మారిపోయింది. ఆ కాగితం నకలు తెచ్చాము. శ్రీకాకుళం వైపు పెద్దలెవరైనా ఉంటే, సభ అయిన తరువాత ఒక్కసారి చదివి చూడండి.