పసిబిడ్డ ఊపిరి – పంచాయతీ బాధ్యత

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



గుంటూరు, ప్రకాశం మైదానములలో మిరపకాయ కల్లమునకు చేరు దినములలో దగ్గు వినబడని వీధి యుండదు. ఆ దినములలో సంతానచికిత్సవలన కలిగిన బిడ్డకు పిల్లికూతలు వచ్చినచో, "టెస్ట్‌ట్యూబు బిడ్డ గదా!" యని రచ్చబండ తీర్పు చెప్పుచున్నది. ఏండ్ల తరబడి ఎదురుచూచి, పొలమమ్మి బిడ్డను కనిన తల్లికి ఆ మాట ములుకువంటిది. అది న్యాయమా యని మీతో కలిసి విచారింపవచ్చితిమి.

ఈ పద్ధతివలన తొలి శిశువు 1978 జూలై 25న ఇంగ్లండులో జన్మించెను. అదే సంవత్సరము అక్టోబరు 3న డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషివలన కలకత్తాలో మన దేశపు తొలి శిశువు జన్మించెను. 2019 సెప్టెంబరులో గుంటూరున డెబ్బది యేండ్లు దాటిన తల్లికి కవల ఆడపిల్లలు కలిగిన వార్త మీరెరిగినదే. తరువాత 2021 చట్టము ఈ చికిత్సకు గరిష్ఠ వయస్సును స్త్రీకి 50, పురుషునికి 55 ఏండ్లుగా నిర్ణయించినది.

ఇక ఉబ్బసము మాట. 2013లో వెలువడిన స్వీడను పరిశోధన ప్రకారము, అది నూటికి 4.4 మంది బిడ్డలకు వచ్చుచోట, ఈ బిడ్డలలో 5.6 మందికి వచ్చెను. తల్లిదండ్రులు సంతానమునకై వేచిన కాలమును లెక్కలోనికి తీసికొనగా ఆ తేడా దాదాపు మాసిపోయెను. కావున దోషమును చికిత్సపై మోపుటకు ఆధారము చాలదు. కవలలు నెలలు నిండక పుట్టుట, ఊపిరితిత్తులు పక్వము కాకుండుట అంతకంటె పెద్ద ప్రమాదములు. అందుచేతనే పలువురు వైద్యులు గర్భమున ఒక్క పిండమునే ఉంచుట మేలందురు.

బిడ్డ ఎట్లు కలిగినను, పీల్చు గాలి ఊరిదే. అది మీ చేతిలోనున్నది. మిరప కల్లములను అంగన్‌వాడీకి, బడికి దూరముగా పెట్టింపుడు. ప్రత్తికట్టెను చేలలో తగులబెట్టనీయకుడు. కట్టెలపొయ్యి పొగ, చుట్టపొగ, స్నానానంతరము వేయు సాంబ్రాణి పొగ పసిబిడ్డకు తగవని ఇంటింట చెప్పింపుడు. 6, 14 వారములకు, 9 నెలలకు న్యుమోనియా టీకా తప్పక వేయింపుడు.

రెండు నెలలలోపు బిడ్డ నిమిషమునకు 60 సార్లు, ఏడాదిలోపు బిడ్డ 50 సార్లు, లేక అంతకుమించి ఊపిరి తీసినను, డొక్కలెగురవేసినను, తెల్లవారువరకు ఆగక 108కి కబురంపుడు.

రచ్చబండపై ఆ మాట మరల వినబడినచో, దానిని ఆపవలసినవారు మీరే.