సెప్టెంబరు 17ను పిల్లలకు ఎలా చెబుదాం?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా సెప్టెంబరు 17న మన పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వాదన మొదలవుతుంది. ఒకరు విమోచనం అంటారు, ఇంకొకరు విలీనం అంటారు, మరొకరు విద్రోహం అంటారు. కాసేపటికి మాట నిజాం మీద నుంచి ఇస్లాం మీదికి మళ్లుతుంది. ఆ రోజు మనతో ఒకే బెంచీ మీద కూర్చున్న ముస్లిం మిత్రులు నోరు విప్పరు. నా బాధ అదే.

హైదరాబాద్ కోఠీలో పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఇప్పటికీ ఉంది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం దానిమీద దాడి చేశారు. నిజాం ప్రభుత్వం మాత్రం ఆంగ్లేయుల పక్షాన నిలిచింది. తుర్రేబాజ్ ఖాన్‌ను కాల్చి చంపారు. మౌల్వీని అండమాన్‌కు పంపారు. సామ్రాజ్యాన్ని ఎదిరించినవాళ్లూ, దానికి కొమ్ముకాసిన పాలకుడూ ఒకే మతం వాళ్లే.

1948లో కూడా అంతే. రజాకార్ల దౌర్జన్యం నిజం, భైరాన్‌పల్లిని మరిచిపోలేం. ఆ దౌర్జన్యాన్ని తన ఉర్దూ పత్రిక ‘ఇమ్రోజ్’లో ఖండించినందుకు షోయబుల్లా ఖాన్‌ను అదే ఏడాది ఆగస్టులో చంపారు. నిజాం మీద పోరాడిన నాయకుల్లో మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నారు.

సైన్యం వచ్చాక జరిగిందీ నిజమే. ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. వారిలో అత్యధికులు ముస్లింలు. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపలేదు.

ఒకరి దుఃఖం చెబితే ఇంకొకరి దుఃఖం తగ్గిపోదు. భైరాన్‌పల్లి తల్లికీ, ఆ సెప్టెంబరులో కొడుకును పోగొట్టుకున్న ముస్లిం తల్లికీ కన్నీళ్లు ఒకటే. ఒకదాన్ని దాచి రెండోదాన్ని మాత్రమే పాఠంగా చెబితే, పిల్లలకు మిగిలేది చరిత్ర కాదు, పగ.

అయ్యవార్లకు నాదొక మనవి. ఆ రోజులు చూసినవాళ్లు మన చుట్టుపక్కల ఇక కొద్దిమందే ఉన్నారు. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో పిల్లల్ని వాళ్ల దగ్గరికి పంపుదాం. హిందువుల ఇంటికీ, ముస్లింల ఇంటికీ పంపుదాం. చెప్పింది చెప్పినట్టు రాయించి, ఆ నోటు పుస్తకాలను మన బడి లైబ్రరీలో భద్రపరుద్దాం. అందుకయ్యే ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది.

సెలవు.