ఏ కంపెనీ ఫ్లాపీ గట్టిది?
(స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

2000లో మన బడి రజతోత్సవ సంచిక వేసినప్పుడు చోటు చాలక కొన్ని రచనలు ఆగిపోయాయి. మన తెలుగు మాస్టారు చెబుతుంటే రాసుకున్న బడి తొలినాళ్ల ముచ్చట్లు వాటిలో ఒకటి. చేతిరాత కాగితాలు ఎటు పోయాయో తెలియదు. మాస్టారు ఇప్పుడు మన మధ్య లేరు. మిగిలింది ఒక డబ్బాడు ఫ్లాపీలు. ముప్పై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నవాణ్ణి కాబట్టి సంఘం వారు ఆ డబ్బా నాకు అప్పగించారు.

అప్పటి నుంచి ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: "ఏ కంపెనీవిరా అవి? తెరుచుకుంటాయా?"

ఆ ప్రశ్న మన కాలానిది. పరీక్షకి హీరో పెన్నే పట్టుకెళ్లాలని పట్టుబట్టినట్టే, ఫ్లాపీ అంటే సోనీయే అని ఒకరు, మాక్సెల్ అని ఒకరు, వెర్బాటిమ్ అని ఇంకొకరు, మన దేశపు ఆమ్‌కెట్ చాలదా అని మరొకరు వాదించుకునేవాళ్లం.

అసలు ఫ్లాపీలో ఏముంది? పల్చటి ప్లాస్టిక్ రేకు, దానిమీద జిగురుతో అంటించిన అయస్కాంతపు పొడి పూత. అది నిమిషానికి 300 సార్లు తిరుగుతుంటే డ్రైవులోని హెడ్డు దాన్ని తాకుతూ చదువుతుంది. మనం వాడిన మూడున్నర అంగుళాల ఫ్లాపీకి ఒక్కో వైపు 80 ట్రాకులు, ట్రాకుకి 18 సెక్టార్లు, సెక్టారుకి 512 బైట్లు. రెండు వైపులా కలిపితే 14,74,560 బైట్లు. దాన్నే 1.44 ఎంబీ అనేవాళ్లం. ప్రతి సెక్టారు చివరా సరిచూసుకునే సంఖ్య ఒకటి ఉంటుంది. లెక్క తప్పితే డ్రైవు "చదవలేను" అని చెప్పేస్తుంది.

కంపెనీల మధ్య తేడా లేదనను. పూత ఎంత గట్టిగా అంటుకుంది, లోపలి గుడ్డ ఎంత శుభ్రంగా ఉంది అన్నదాంట్లో తేడా ఉంటుంది. కానీ అట్టమీద పేరున్న కంపెనీయే దాన్ని తయారు చేసిందనుకోవడానికి లేదు. ఒకరు చేసిన సరుకుమీద ఇంకొకరు పేరు వేసుకోవడం ఆ వ్యాపారంలో మామూలే. 3ఎం వారి ఫ్లాపీల వ్యాపారం 1996లో ఇమేషన్ అనే వేరే కంపెనీ అయింది. కాబట్టి ఒకే పేరున్న రెండు డబ్బాలు ఒకే సరుకు కానక్కర్లేదు.

పేరు మంచిదైనా చెమ్మ తగిలితే రేకుకి బూజు పడుతుంది. రాసిన డ్రైవు హెడ్డు కాస్త పక్కకి జరిగి ఉంటే, ఆ ఫ్లాపీ ఇంకో డ్రైవులో చదవబడదు. అందుకే మన ఫ్లాపీలను మూడు డ్రైవుల్లో మార్చి మార్చి పెట్టి చూశాను.

మాస్టారి ఫైలున్న ఫ్లాపీ సగంలో ఆగిపోయింది. మంచి పేరున్న కంపెనీదే. అయితే డబ్బా అడుగున దానికి జత ఉంది. టైపు చేసినవారెవరో గానీ, వేరే కంపెనీ ఫ్లాపీలోకి అచ్చు గుద్దినట్టు ఇంకో కాపీ తీసి పెట్టారు. అదీ పూర్తిగా తెరుచుకోలేదు. కానీ మొదటిదానిలో పోయిన సెక్టార్లు రెండోదానిలో ఉన్నాయి, రెండోదానిలో పోయినవి మొదటిదానిలో ఉన్నాయి. రెండూ కలిపితే ఫైలు మొత్తం వచ్చింది.

వచ్చాక చూస్తే తెలుగు లేదు, పిచ్చి గీతలు! పాత డీటీపీ ఫాంటులో కొట్టిన అక్షరాలు అవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చాం. మార్పులో చెదిరిన ఒత్తులనూ గుణింతాలనూ ఇప్పటి తెలుగు టీచరుగారు ఓపిగ్గా దిద్దారు. మాస్టారి ముచ్చట్లు ఈ సంచికలో అచ్చవుతున్నాయి.

కాబట్టి ఏ కంపెనీ గట్టిది అంటే నా జవాబు ఒకటే: రెండో కాపీ గట్టిది. ఆ రెండో కాపీ తీసినవారు ఈ సభలో ఉంటే వారికి నా దండం.

ఒక విన్నపం. జపాన్‌లో సోనీ ఫ్లాపీల అమ్మకం 2011 మార్చితోనే ఆగిపోయింది. పనిచేసే డ్రైవులు ఏటేటా తగ్గిపోతున్నాయి. మీ అటకమీదో బీరువాలోనో బడి ఫొటోలు, నాటకాల రాతప్రతులు ఉన్న ఫ్లాపీలుంటే ఈ ఏడే తీసుకురండి. బూజు కనిపిస్తే డ్రైవులో పెట్టకండి, హెడ్డు పాడై తర్వాత పెట్టిన ఫ్లాపీని కూడా గీరేస్తుంది. మూలనున్న చిన్న తలుపు జరిపి రంధ్రం తెరిచి ఉంచండి, పొరపాటున దానిమీద ఏదీ రాయబడదు. తీసిన ఫైళ్లను రెండు చోట్ల, ఇద్దరి ఇళ్లలో దాచుకుందాం.

వందేళ్ల పండక్కి సంచిక వేసే పిల్లలకి మన డబ్బా ఖాళీగా దొరక్కూడదు. సెలవు.