సమస్యకు పేరు పెట్టేదెవరు?

(నాచారంలో జరిగిన బస్తీ కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



డిగ్రీ చదివే మన పిల్లల సమాజశాస్త్రం పుస్తకంలో 'సామాజిక సమస్యలు' అని ఒక పాఠం ఉంటుంది. పేదరికం, నిరుద్యోగం, వరకట్నం, అంటరానితనం, తాగుడు అని వరసగా ఉంటాయి. పిల్లలు పరీక్షలో రాస్తారు, మర్చిపోతారు. ఇవాళ ఆ పాఠం గురించే మాట్లాడుకుందాం. "కడుపు కాలుతుంటే ఈ నిర్వచనాల గోలేంది సారూ?" అని మీలో కొందరు అడగొచ్చు. అడగాలె కూడా. మా జవాబు ఒకటే. రోగానికి ఎవడు పేరు పెడతాడో మందు కూడా వాడే రాస్తాడు.

వానాకాలంలో నాలా పొంగి బస్తీలోకి మురికినీళ్ళొచ్చినయి అనుకోండి. ఒక ఆఫీసరు వచ్చి "జనం చెత్త వేస్తున్నారు, అదీ సమస్య" అంటడు. అప్పుడు మందు మనకు జరిమానా. ఇంకొకరొచ్చి "నాలా పక్కన గుడిసెలేసుకున్నారు, అదీ సమస్య" అంటరు. అప్పుడు మందు బుల్డోజరు. "పైన చెరువు శిఖం భూమి పూడ్చి కట్టినందుకు నీళ్ళు ఇటు మళ్ళినయి, అదీ సమస్య" అని మనం అంటే? అప్పుడు విచారణ మన గుడిసె మీద ఆగదు, పై దాకా పోతది. నీళ్ళు అవే, బురద అదే. పేరు మారితే దోషి మారిండు. అందుకే ఈ పాఠం మనకు కావాలె.

పుస్తకం ఏమంటుంది? ఎక్కువమందిని బాధపెట్టే స్థితి, సమాజం విలువలకు విరుద్ధమైనది, మనుషులు పెట్టిన ఏర్పాట్ల వల్ల పుట్టింది, కలిసి ప్రయత్నిస్తే మార్చగలిగింది. ఈ నాలుగూ ఉంటే అది సామాజిక సమస్య అంటుంది. అమెరికాలో రైట్ మిల్స్ అనే ఆయన 1959లో రాసిన పుస్తకంలో దీన్ని సులువుగా విడమర్చి చెప్పిండు. లక్షమంది ఉన్న పట్నంలో ఒక్కడికే పని లేకపోతే అది వాని సొంత కష్టం. వాని గుణం, వాని నేర్పు చూస్తే సరిపోతుంది. అయిదు కోట్లమంది పనిచేసే దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే అది ఒక్కొక్కని గుణం వల్ల వచ్చింది కాదు. దేశం నడిచే తీరులోనే ఏదో విరిగిపోయింది.

దీన్ని మన ఉప్పల్, నాచారంలో పెట్టి చూద్దాం. మన పిల్లవాడు చదువుకొని కొలువు సంపాదించుకున్నడు. కిరాయి ఇల్లు వెతుక్కుంటూ పోయిండు. గేటుకు 'టు లెట్' బోర్డు వేలాడుతున్నది. ఇంటాయన మంచిగనే మాట్లాడిండు. అడ్వాన్సెంత, కరెంటు బిల్లెట్ల అన్నీ అయినయి. చివరికి "మీరేమిట్లు బాబూ?" అని అడిగిండు. చెప్పినంక "మా తమ్ముడొస్తానన్నడు, రేపు ఫోన్ చేస్త" అన్నడు. ఆ ఫోన్ రాదు. పిల్లవాడు ఇంటికొచ్చి అమ్మకు కూడా చెప్పడు. 'నా నోటిల మాట తిన్నగ లేదు, నేనే సరిగ మాట్లాడలేదు' అనుకుంటడు. రెండో ఇంటికాడ ఇంటిపేరు మార్చి చెప్తడు. సామాజిక సమస్య సొంత కష్టంగా మారి మనిషి లోపల కూలబడేది ఇట్లనే. పదిమంది పిల్లలు పది గేట్ల ముందు విడివిడిగా సిగ్గుపడితే ఊళ్ళో సమస్యే లేదన్నట్టు. ఆ పదిమంది ఒకచోట కూచొని తేదీ, వీధి, అన్నమాట చెప్పుకుంటే ఆ రోజు నుంచి అది సమస్య.

అంటరానితనం పల్లెకు చెందింది, పట్నంలో కరిగిపోతుంది అని చెప్పేవాళ్ళున్నరు. ఉప్పల్, నాచారం కూడా ఒకప్పుడు ఊళ్ళే. ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2017లో మెట్రో రైలొచ్చింది. ఊరు పట్నంలో కలిసింది, సరే. వాడ ఊళ్ళో కలిసిందా? అది అడగాలె.

ఇప్పుడు పుస్తకం నిర్వచనంలో ఒక చిక్కు చూడండి. 'సమాజం విలువలకు విరుద్ధమైనది' అన్నది. ఎవరి సమాజం? ఎవరి విలువలు? హోటల్లో రెండు గ్లాసులు పెట్టడం ఊరి పెద్దల విలువలకు విరుద్ధం కాదు. అదే వాళ్ళ విలువ! ఆ లెక్కన వెయ్యేండ్లు అంటరానితనం సమస్యే కాదు. దాని కింద నలిగినోళ్ళకు తప్ప ఎవరికీ అది సమస్యగా కనబడలేదు. ఈ చిక్కును సమాజశాస్త్రంలోనే కొందరు పట్టుకున్నరు. బ్లూమర్ 1971లో, స్పెక్టర్, కిట్సూస్ అనే ఇద్దరు 1977లో చెప్పిందేమంటే, బాధ ఉన్నంత మాత్రాన సమస్య కాదు. ఎవరో ఒకరు నిలబడి 'ఇది అన్యాయం, ఇది మారాలె' అని దావా వేసి, దాన్ని నలుగురితో ఒప్పించినప్పుడే సమస్య అవుతుంది.

ఈ మాట మనకు కొత్తగాదు. కారంచేడు చూడండి. మాదిగలు తాగే చెరువు నీళ్ళు పాడుచేయొద్దని అడిగినందుకు మొదలైన గొడవ. 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను చంపిండ్రు. అంతకుముందు మన నీళ్ళల్లో ఎవరూ బర్రెలు కడగలేదా? మన మీద దెబ్బలు పడలేదా? పడ్డయి. అయితే ఈసారి మనవాళ్ళు చీరాల నడిచిపోయిండ్రు. శిబిరం పెట్టిండ్రు. మళ్ళీ ఆ ఊరి దయమీద బతకం అన్నరు. సెప్టెంబర్ 1న దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ళు ఊరూరా తిరిగిండ్రు. ఊరి గొడవ అన్నదాన్ని దేశం సమస్యగా నిలబెట్టింది ఆ శిబిరం.

1955 చట్టం అంటరానితనాన్ని నేరమన్నది. 1989 చట్టం దానికి 'అత్యాచారం' అని పేరు పెట్టి ప్రత్యేక కోర్టులు పెట్టమన్నది. పేరు మారితే బలం వచ్చింది. కాని పేరొక్కటే చాలదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపిండ్రు. పోరాడి ఆ ఊళ్ళోనే కోర్టు పెట్టించుకున్నం. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. సమస్య అని ఒకసారి ఒప్పించినంత మాత్రాన పని అయిపోదు, పట్టు వదిలితే అది మళ్ళీ 'ఊరి గొడవ' అయిపోతుంది.

ఇంకో మోసం ఉన్నది. సమస్యను మన మీద పెట్టక, మనల్నే సమస్య చేయడం. 'హరిజన సమస్య', 'ఎస్సీల సమస్య' అంటరు. అగ్రకుల సమస్య అని ఎవరన్నా అంటరా? అమెరికాలో నల్లవాళ్ళనూ ఇట్లనే 'నీగ్రో సమస్య' అన్నరు. డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ అనే నల్లజాతి పండితుడు ఫిలడెల్ఫియాలో ఇల్లిల్లూ తిరిగి, అడిగి, లెక్కరాసి 1899లో పుస్తకం తెచ్చిండు. పని ఇవ్వనిదెవరు, కిరాయి ఎక్కువ గుంజేదెవరు అని లెక్కలతో చూపిండు. మన దగ్గర భాగ్యరెడ్డి వర్మ 1917లో బెజవాడలో జరిగిన సభకు అధ్యక్షత వహించిండు. పంచములు అన్న పేరు వద్దు, మేం ఆది ఆంధ్రులం అని ఆ సభ చెప్పింది. పేరు పెట్టే హక్కును గుంజుకోవడం అంటే అదీ.

మరి సమాజశాస్త్రం ఎట్లా పరిశోధిస్తుంది? ఒకటి, ఊళ్ళో ఉండి చూడటం. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే మనకు దగ్గర్లోని శామీర్‌పేటను చూసి 1955లో 'ఇండియన్ విలేజ్' అచ్చువేసిండు. వ్యవసాయం, పండుగలు, కుటుంబం, కులాల వరుస అన్నీ అందులో ఉన్నయి. అది చదవాలె. కాని కులం ఊళ్ళో ఎట్లా నడుస్తున్నదో చెప్పడం ఒక పని, అది ఎట్లా పుట్టింది, దేనివల్ల నిలబడింది అని అడగడం ఇంకో పని. ఆ రెండో ప్రశ్నను బాబాసాహెబ్ 1916లోనే, కొలంబియా యూనివర్సిటీలో చదివిన వ్యాసంలో అడిగిండు. కులంలోనే పెండ్లి అనే కట్టడి దానికి మూలమని చూపిండు.

రెండోది, పోల్చి పరీక్షించడం. ఢిల్లీ చుట్టుపక్కల సుఖదేవ్ థోరట్, ఆయన తోటివాళ్ళు కిరాయి ఇండ్ల మీద చేసిన పరిశోధన 2015లో అచ్చయింది. ఒకే తీరు కొలువున్నవాళ్ళు ఇల్లు అడుగుతరు, తేడా పేర్లలోనే. పై కులాల పేర్లకు తలుపు తెరుచుకుంది. దళితుల పేర్లకు చాలాచోట్ల మూసుకుంది. ముస్లింల పేర్లకు ఇంకా ఎక్కువచోట్ల మూసుకుంది. 'నేనే సరిగ మాట్లాడలేదు' అనుకున్న మన పిల్లవానికి ఇదీ జవాబు.

మూడోది, లెక్కతీయడం. పాకీపనిని 1993 చట్టం నిషేధించింది. సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు పోతే, మా దగ్గర ఆ పనే లేదని ప్రభుత్వాలు కాగితాలిచ్చినయి. కోలార్ బంగారు గనుల్లో సఫాయి కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన తోటివాళ్ళు ఊరూరా తిరిగి పేర్లు, ఫొటోలు తెచ్చి కోర్టు ముందు పెట్టిండ్రు. 2014 మార్చి 27న తీర్పొచ్చింది. 1993 నుంచి మ్యాన్‌హోళ్ళలో చనిపోయిన ప్రతి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వమన్నది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. 'లేదు' అన్న సర్కారు కాగితాన్ని మన నోటుబుక్కు ఓడించింది.

సర్కారు లెక్కలు వద్దనడం లేదు. తెలంగాణ 2024లో ఇంటింటి కులసర్వే మొదలుపెట్టింది, ఎస్సీలు 17.43 శాతం అని తేలింది. ఎంతమందిమో తెలిసింది. ఎట్లా బతుకుతున్నమో మనమే రాసుకోవాలె. ఎస్సీ అని ఒక్క గడిలో పెడితే లోపలి తేడా కూడా కనబడదు. 1994లో దండోరా లేచింది అందుకే. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో మూడు గ్రూపులు అమలైనయి. అట్లనే ఇంటి మొగాయన్ని ఒక్కణ్ణే అడిగి లేస్తే ఆడవాళ్ళ బతుకు లెక్కకే రాదు.

ఇక పని మాట్లాడుకుందాం. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ బస్తీలకు ఒక్కొక్క నోటుబుక్కు పెడదాం. మూడు పట్టికలు చాలు. ఒకటి: కిరాయి ఇల్లు దొరకనిచోట తేదీ, వీధి, అన్న మాట. రెండోది: నాలాల్లో, మ్యాన్‌హోళ్ళలో దిగేవాళ్ళెవరు, ఏ కులం, కాంట్రాక్టా పర్మనెంటా, చేతికి తొడుగులున్నయా. మూడోది: ఫ్యాక్టరీల్లో మనవాళ్ళు ఏ పనిలో ఉన్నరు, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ ఉన్నయా, ఒంట్లో ఏం బాధ. ఆసుపత్రి చీటీ మీద జబ్బు పేరుంటది. ఏ పనికి పోతే వచ్చిందో మనం పక్కన రాయాలె.

జాగ్రత్తలు కూడా వినండి. ఒప్పుకోకుండా ఎవరి పేరూ రాయొద్దు. ఉద్యోగం పోతదని భయపడేటోళ్ళ పేరు దాచాలె. విన్నది విన్నట్టు రాయాలె, పెంచొద్దు. ఒక్క అబద్ధం దొరికితే తొంభైతొమ్మిది నిజాలు కొట్టేస్తరు. అడ్డం తిరిగే జవాబు వచ్చినా అదీ రాయాలె: ఇల్లిచ్చిన ఇంటాయన ఉంటే ఆయన సంగతీ రాయండి. రాసింది బస్తీలో చదివి వినిపించి, 'నిజమేనా?' అని అడిగినంకనే బయటికి పోవాలె.

ఇన్నాళ్ళూ మనల్ని వేరేవాళ్ళు రాసిండ్రు. ఇప్పుడు పెన్ను మన అక్క చేతికియ్యండి. వచ్చే పక్షానికి మొదటి పది పేజీలు నిండాలె.

జై భీమ్!