తైలవర్ణ చిత్రకళ – ప్రతిరచనాభ్యాసము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పూర్వము తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాసిన లేఖకుడు కావ్యమును చేతితోనే చదివినవాడు. చిత్రకళయందును ఇట్టి చదువు గలదు. పారిస్ నగరమున లూవ్రు చిత్రశాలను 1793లో తెరచినపుడు, పదిదినముల వారములో సామాన్య ప్రజలకు మూడు దినములే లభించెను. చిత్రములను చూచి వ్రాసికొను కళాకారులకు అంతకంటె ఎక్కువ దినములు కేటాయింపబడెను.

పరుల చిత్రమును అనుకరించినచో స్వంత ప్రతిభ నశింపదా యని కొందరి శంక. దీనికి ఒక చిత్రమే సమాధానము.

ఇటలీ చిత్రకారుడు కరవాజ్జియో, రోము నగరములోని కియేజా నూవా దేవాలయము కొరకు సుమారు 1603లో క్రీస్తు భూస్థాపన చిత్రమును రచించెను. అది మూడు మీటర్ల ఎత్తుగలది. నేడు వాటికన్ చిత్రశాలలో నున్నది. చీకటినుండి వెలుగులోనికి వచ్చిన క్రీస్తు దేహము, దానిని మోయు ఇరువురు, వెనుక ముగ్గురు స్త్రీలు, క్రిందికి వ్రేలాడు చేయి – ఇదియే దృశ్యము.

దీనికి ప్రతి వ్రాయబూనిన విద్యార్థి మొదట గళ్ళు గీసి రేఖలను దింపుకొనును. పిమ్మట గోధుమవన్నె మట్టిరంగుతో వెలుగునీడలను మాత్రమే నిలుపును. అది ఆరిన తరువాతనే వర్ణములు. వెలుగుపడు మేనిపై రంగు దట్టముగను, నీడలయందు పలుచగను ఉండవలెను. అవిసెనూనె నీటివలె ఆవిరియై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. కావున క్రిందిపొరలో నూనె తక్కువగను, పైపొరలో ఎక్కువగను ఉండవలెను. ఈ క్రమము తప్పినచో కాలక్రమమున చిత్రము బీటలువారును. చూపరులకు ముందు కనబడునది చిత్రకారుడు చివర వేసినది. ఆ పొరలను అడుగునుండి మరల కట్టినవానికే అతని ఆలోచన తెలియును. అచ్చుపటమును చూచి రేఖలను, వెలుగునీడలను నేర్వవచ్చును గాని, పొరల మర్మము మూలచిత్రము నెదుటనే బోధపడును.

ఫ్లాండర్స్ దేశపు రూబెన్స్ 1600 నుండి 1608 వరకు ఇటలీలో నుండెను. స్వదేశమునకు మరలి, గొప్ప చిత్రకారుడుగా పేరొందిన పిమ్మట, సుమారు 1612–14 నడుమ ఈ చిత్రమును ఓకు చెక్కపై, మీటరుకు లోపు ఎత్తున, తిరిగి రచించెను. అది నేడు కెనడా జాతీయ చిత్రశాలలో గలదు. మూలములో చేతులు పైకెత్తి విలపించు స్త్రీ అందులో లేదు. దుఃఖమంతయు దేహముచుట్టునే చేరినది. ఆచార్యుడైన పిదపకూడ అతడు శిష్యుడుగా కూర్చుండెను. శిష్యుడుగా కూర్చుండియు తన మాట తాను చెప్పెను. ప్రతిభ నశించుటకు మారుగా తన మార్గమును కనుగొనెను.

అయితే ప్రతి ప్రతిగానే ఉండవలెను. దానిని మూలమని చెలామణి చేయుట విద్య గాదు, వంచన. అందుకే ప్రతి మూలచిత్రముతో సమాన పరిమాణమున ఉండరాదని లూవ్రు నియమము.

గ్రంథాలయమును ఇట్టి విద్యకు నిలయమే. పెద్దలు వ్రాసినది శ్రద్ధతో అనుసరించి చదివినవాడే, ఎచ్చట వారిని విడిచి ముందునకు సాగవలెనో ఎరుగును.