మహిళా అధ్యయనంలో ఎం.ఏ. పట్టా : కాగితం మీది అర్హతలు, గడప దగ్గరి అర్హత

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి ఐదేండ్లుగా మరాఠీ సీమలో తెలుగు అక్షరాన్ని నిలబెట్టిన విద్యాలయం ఇది. ఇటువంటి శుభ సందర్భంలో గడచిన దానిని తలచుకోవడం ఎంత ఉచితమో, ఇక్కడ చదివిన ఆడపిల్ల ఇకముందు ఎంత దూరం పోగలదో ఆలోచించడమూ అంత ఉచితం. ఇంజనీరింగు, నర్సింగు, ఉపాధ్యాయ శిక్షణ మొదలైన చదువుల పేర్లు ప్రతి ఇంటా వినబడుతూనే ఉన్నవి. మహిళా అధ్యయనం అనే శాస్త్రం పేరు మాత్రం ఇంకా చాలామందికి కొత్త. మరాఠీలో దీనిని ‘స్త్రీ అభ్యాస్’ అంటారు. ‘ఆడవాళ్లను గురించి తెలుసుకోవడానికి విశ్వవిద్యాలయం దాకా పోవాలా? అది ఇంట్లో ఉన్నదే కదా!’ అని పెద్దలు చిరునవ్వు నవ్వడం సహజం. ఇంట్లో ఉన్నదే అయినా, దానిని లెక్కించి, విచారించి, కారణాలు వెదకి, గ్రంథస్థం చేసినవారు చాలాకాలం వరకు లేరు. ఆ లోటును తీర్చడానికి పుట్టినదే ఈ శాస్త్రం.

తెలుగువారిలో ఈ పనికి తొలి పునాది వేసిన విదుషీమణి భండారు అచ్చమాంబ. ఆమె 1874లో జన్మించింది. చిన్ననాడే వివాహమైంది. బడికి పోయి చదివినది లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ప్రోత్సాహంతో ఇంటివద్దనే చదువు నేర్చుకొని, తెలుగుతోపాటు హిందీ, మరాఠీ వంటి భాషలను సాధించింది. భర్త ఉద్యోగరీత్యా ఆమె జీవితంలో ఎక్కువ భాగం నాటి మధ్యపరగణాలలోనే గడిచింది. అప్పట్లో చాందా అని పిలువబడిన ఈ చంద్రపూర్ జిల్లా కూడా ఆ మధ్యపరగణాలలోనిదే. దేశంలోని విశిష్ట స్త్రీల చరిత్రలను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అనే పేరుతో ఆమె వెలువరించింది. స్త్రీలు సహజంగా అల్పజ్ఞులన్న అపవాదును ఆధారాలతో ఖండించడం ఆ గ్రంథం చేసిన పని. 1905లో, ముప్ఫయి ఒక్క సంవత్సరాలు నిండకముందే, ఆమె కన్నుమూసింది. తెలుగు దేశానికి వెలుపల, పరభాషల నడుమ నివసించడం ఆమెకు ప్రతిబంధకం కాలేదు. నాలుగు భాషల గ్రంథాలు చదివే వీలు కలిగించి, అది ఆమెకు బలమే అయింది. చంద్రపూరులో తెలుగు చదివే బాలికకు ఇంతకంటె దగ్గరి ఆదర్శం మరొకటి ఉండదు.

విశ్వవిద్యాలయాలలోకి ఈ విషయం ప్రవేశించిన తీరు కూడ తెలియదగినది. స్త్రీల స్థితిగతుల పరిశీలనకు భారత ప్రభుత్వం 1971లో ఒక సంఘాన్ని నియమించింది. ‘సమానత్వం దిశగా’ అనే అర్థం వచ్చే పేరుతో ఆ సంఘం 1974లో సమర్పించిన నివేదిక దేశాన్ని ఆలోచింపజేసింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడ జనాభాలో స్త్రీల నిష్పత్తి తగ్గుతూ వచ్చిందని, అనేక రంగాలలో వారికి పని దొరకడం తగ్గిందని అందులో బయటపడింది. అదే 1974లో బొంబాయిలోని ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయంలో మహిళా అధ్యయన పరిశోధన కేంద్రం ఏర్పడింది. మహర్షి ధోండో కేశవ కర్వే 1916లో స్థాపించిన విద్యాపీఠమది. 1981లో మొదటి జాతీయ సదస్సు అక్కడనే జరిగింది. మరుసటి ఏడు భారత మహిళా అధ్యయన సంఘం ఆవిర్భవించింది. హైదరాబాదులో 1985లో అన్వేషి పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. 1986 నాటి జాతీయ విద్యావిధానం ఈ శాస్త్రాన్ని ప్రోత్సహించగా, దేశంలోని అనేక విశ్వవిద్యాలయాలలో కేంద్రాలు వెలసినవి. 1983లో తిరుపతిలో స్థాపితమైన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం, పుణె విశ్వవిద్యాలయంలో సావిత్రీబాయి ఫులే పేరిట వెలసిన కేంద్రం ఈ రంగంలో పేరెన్నిక గన్నవి.

ఇక ఎం.ఏ. పట్టాకు కావలసిన అర్హతల విషయం. సాధారణంగా ఏదేని గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం నుంచి ఏ విషయంలోనైనా డిగ్రీ ఉంటే చాలును. బి.ఏ. చదివినవారికి ఎంత అవకాశమో బి.కాం., బి.ఎస్సీ. చదివినవారికీ అంతే. కొన్ని సంస్థలు నూటికి నలభై అయిదో యాభయ్యో మార్కులు కోరుతాయి. రిజర్వేషను వర్గాలవారికి సడలింపు ఉంటుంది. మహిళా విశ్వవిద్యాలయాలను మినహాయిస్తే మిగిలినచోట్ల పురుషులు కూడ ఈ చదువులో చేరవచ్చును. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో ప్రవేశాలకు 2022 నుంచి జాతీయస్థాయి ఉమ్మడి పరీక్ష జరుగుతున్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు వేరువేరు ఉమ్మడి ప్రవేశ పరీక్షలున్నవి. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఈ విషయంలో దూరవిద్య ద్వారా ఎం.ఏ. చదివే మార్గం కల్పించింది. ఇల్లు, ఉద్యోగం విడువలేనివారికి అది ఎంతో అనుకూలం. నియమాలు ఏటేటా మారుతుంటవి గనుక ఆయా సంస్థల ఆ సంవత్సరపు ప్రకటనను చూచుకొనుట తప్పనిసరి.

మూడేండ్ల డిగ్రీ చేసినవారికి ఎం.ఏ. కాలపరిమితి రెండేండ్లు, అనగా నాలుగు సెమిస్టర్లు. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం నాలుగేండ్ల డిగ్రీ పూర్తిచేసినవారికి ఒక ఏడాది ఎం.ఏ. కూడ ఏర్పాటు చేయవచ్చును. ఏడాదికి సుమారు నలభై క్రెడిట్లు సంపాదించాలి. తరగతి పాఠాలు, వ్రాతపనులు, పరీక్షలు, క్షేత్ర పర్యటన అన్నీ ఈ లెక్కలోకి వస్తవి. స్త్రీ ఉద్యమాల చరిత్ర, స్త్రీవాద సిద్ధాంతాలు, చట్టం, శ్రమ, ఆరోగ్యం, కులం, సాహిత్యం, పరిశోధన పద్ధతులు సాధారణంగా పాఠ్యాంశాలుగా ఉంటవి. చివరకు చాలాచోట్ల ఒక సిద్ధాంత వ్యాసం సమర్పించవలసి ఉంటుంది. పదిమందిని కలిసి, వారి సమ్మతితో మాటలు నమోదు చేసి, చెప్పినవారికి హాని కలుగకుండ పేర్లు మరుగుపరచి, నిజాన్ని నిజంగా వ్రాయగలగడం ఈ పట్టాకు అత్యంత కీలకమైన పరీక్ష.

ఆ వ్యాసానికి కావలసిన విషయాలు చంద్రపూరులో అడుగడుగునా ఉన్నవి. బొగ్గుగనుల సంగతినే తీసుకొందము. ఒకప్పుడు భారతదేశపు గనులలో స్త్రీలు భర్తలతోపాటు భూగర్భంలోకి దిగి తట్టలు మోసేవారు. 1929లో వచ్చిన నిబంధనలతో వారిని దశలవారీగా తొలగించి, 1930ల చివరినాటికి భూగర్భ ప్రవేశాన్ని నిషేధించారు. యుద్ధకాలంలో బొగ్గు కొరత ఏర్పడగానే 1943లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. అవసరం తీరగానే 1946లో తిరిగి విధించారు. 1952 నాటి గనుల చట్టం దానిని స్థిరపరచింది. 2019లో కేంద్ర ప్రభుత్వం షరతులతో సడలించి, పగటివేళ భూగర్భంలో సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు స్త్రీలను అనుమతించింది. ఆ నిషేధం స్త్రీల ప్రాణరక్షణకేనని చెప్పారు. భూగర్భపు పని నిజంగా ప్రాణాంతకమైనదే. అయితే పని పోయిన స్త్రీకి బదులు పని ఎవరు చూపారు? ఆమె కూలి పోయిన ఇంట్లో తిండి ఎవరికి తగ్గింది? రక్షణ అవసరమని అంత గట్టిగా నమ్మినవారు యుద్ధకాలంలో ఆ నమ్మకాన్ని ఎట్లా పక్కన పెట్టగలిగారు? ఈ ప్రశ్నలను వేయడమే మహిళా అధ్యయనం. గని కార్మికుల కుటుంబాలలో పుట్టిన బాలిక ఈ ప్రశ్నలను తన అమ్మమ్మ దగ్గర కూర్చుండి అడుగగలదు. ఢిల్లీ నుంచి వచ్చిన పరిశోధకురాలికి అంత సులువుగా ఆ జవాబు లభించదు.

మరియొక ఉదాహరణము మద్యనిషేధము. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992 ప్రాంతంలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన కూలి స్త్రీలు వాచకంలోని ఒక పాఠం చదివి, సారాయి దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరులో సారాయి, 1995 జనవరిలో మద్యం యావత్తు నిషేధింపబడినవి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. చంద్రపూర్ జిల్లాలోనూ ఇట్లాగే జరిగింది. 2010లో చిమూరు నుంచి నాగపూరు శాసనసభ వరకు స్త్రీలు కాలినడకన వెళ్లి మొర పెట్టుకొన్నారు. 2015 ఏప్రిల్ 1 నుంచి జిల్లాలో మద్యనిషేధం అమలులోకి వచ్చింది. 2021లో ప్రభుత్వం దానిని రద్దు చేసింది. రెండు సీమలలోనూ స్త్రీలు సాధించుకొన్నది కొద్ది సంవత్సరాలకే చేజారిపోయింది. కారణాలేమి? ఆదాయపు లెక్కలా, దొంగసారాయా, అమలులోని లోపమా? నిషేధమున్న ఆ ఏండ్లలో ఇండ్లలో ఏమి మారింది? రెండు ఉద్యమాలనూ పోల్చి చూడాలంటే తెలుగు, మరాఠీ రెండూ చదవగలవారు కావాలి. అటువంటివారు ఈ పాఠశాలలో ఏటేటా తయారవుతూనే ఉన్నారు.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఉన్నత విద్యలో వెనుకబడుదురన్న భయం తల్లిదండ్రులకు ఉన్నది. ఆ భయం పూర్తిగా నిరాధారమనడం సరి కాదు. ఎం.ఏ. పాఠ్యగ్రంథాలలో అధికభాగం ఇంగ్లీషులోనే ఉన్నవి. డిగ్రీ మూడేండ్లలో రోజుకొక పుట చొప్పున ఇంగ్లీషు చదివి, దాని సారాంశం వ్రాసే అలవాటు చేసుకొన్న విద్యార్థికి ఆ ఇబ్బంది చాలవరకు తీరుతుంది. ప్రతిగా ఇక్కడి పిల్లకు లభించే సౌలభ్యం గొప్పది. తారాబాయి శిందే 1882లో మరాఠీలో వ్రాసిన ‘స్త్రీ పురుష తులన’ను మూలంలోనే చదువగలదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రచురించింది, దానిని తెలుగులో చదువగలదు. రెంటినీ మూలభాషలలో చదివినవారు విశ్వవిద్యాలయాలలో సైతం అరుదు.

వలస కుటుంబాలకు ఒక హెచ్చరిక కూడ అవసరం. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు జాతిగానో తెగగానో గుర్తింపు పొందినవారికి, వలసవెళ్లిన మరొక రాష్ట్రంలో ఆ రిజర్వేషను దానంతట అది వర్తించదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆంధ్ర నుంచి బొంబాయికి వలస వచ్చిన కుటుంబంలోని విద్యార్థి వేసిన వ్యాజ్యంలోనే ఆ తీర్పు వెలువడినది. స్థానిక, స్థానికేతర నియమాలు దీనికి తోడు. కనుక ఇక్కడ డిగ్రీ చదివి తిరుపతికో హైదరాబాదుకో పోదలచినవారు కుల ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం, మైగ్రేషన్ సర్టిఫికెట్ విషయాలను డిగ్రీ చివరి సంవత్సరంలోనే విచారించుకొనుట మేలు. 2011లో గడ్చిరోలిలో స్థాపితమైన గోండ్వానా విశ్వవిద్యాలయం చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల కళాశాలలకు కేంద్రం. అక్కడి కళాశాలలలో చదివినవారు మైగ్రేషన్ సర్టిఫికెట్‌ను ఆ విశ్వవిద్యాలయం నుంచే పొందవలసి ఉంటుంది.

ఈ చదువు చదివితే ఉద్యోగమేమిటని అడిగే తండ్రికి దాపరికం లేని సమాధానం ఇవ్వవలెను. అధ్యాపక పదవులు స్వల్పం. ఎం.ఏ. తరువాత యు.జి.సి. జాతీయ అర్హత పరీక్షను ఇదే విషయంలో వ్రాయవచ్చును, పిహెచ్.డి. చేయవచ్చును. స్వచ్ఛంద సంస్థలలోను, స్త్రీ శిశు సంక్షేమ పథకాలలోను, బాధిత మహిళల సహాయ కేంద్రాలలోను, పత్రికలలోను ఈ జ్ఞానం అక్కరకు వస్తుంది. మహారాష్ట్రలో 2011 నుంచి స్థానిక సంస్థల స్థానాలలో సగం స్త్రీలవి. ఆ స్థానంలో కూర్చున్న సర్పంచికి లెక్కలు, చట్టాలు వివరించగల విద్యావతి పక్కన ఉంటే, భర్తే పెత్తనం చేసే ఆచారం తగ్గుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ కాగితం మీది అర్హతలు. వీటన్నిటికంటె ముందు ఇంటి గడప దగ్గర నెరవేరవలసిన అర్హత ఒకటున్నది. పదవ తరగతి ముగిసిన వేసవిలో బాలిక చదువు ఆగిపోకుండ ఉండుటయే అది. పద్దెనిమిదేండ్లు నిండకముందు పెండ్లి చేయడం 2006 నాటి చట్టం ప్రకారం నేరం. పద్దెనిమిది నిండిన మరునాడే పెండ్లి చేసి తీరవలెనని ఏ చట్టమూ చెప్పలేదు. పది తరువాత ఎం.ఏ. పట్టాకు పట్టేది ఏడేండ్లు. ఆ ఏడేండ్లను కూతురికి కానుకగా ఇవ్వగల తల్లిదండ్రులున్న ఇంటికి పై అర్హతలన్నీ ఒకదాని వెంట ఒకటిగా నడచి వస్తవి. చదువు మధ్యలో ఆగిపోయిన పూర్వ విద్యార్థినులకు సైతం తలుపు మూసుకొనిపోలేదు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పన్నెండవ తరగతి, నాసిక్‌లోని యశ్వంతరావ్ చవాన్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా డిగ్రీ, ఆపై దూరవిద్యలో ఎం.ఏ. చేయవచ్చును. పిల్లను ఈ బడికి పంపే తల్లి తానూ మరొక పుస్తకం తెరిస్తే, ఆ ఇంట్లో చదువు ఆగిపోదు.

ఈ బడిలో ‘అ ఆ’లు దిద్దిన బాలిక ఒకనాడు చంద్రపూర్ తెలుగు స్త్రీల చరిత్రను స్వయంగా పరిశోధించి గ్రంథంగా తెచ్చి, ఈ గ్రంథాలయంలోనే ఉంచగలిగితే, డెబ్బయి ఐదేండ్ల ఉపాధ్యాయుల శ్రమకు అంతకంటె తగిన గురుదక్షిణ ఉండబోదు. పాఠశాల శతమానోత్సవం నాటికి అటువంటి గ్రంథాలు ఒకటి కాక పది వెలువడుగాక!

సెలవు.